ఆఫీసులో టోరెంట్లు ఆపిన కథ: ఐపీ అడ్రస్ వెనకాల మనిషెవరు?

ఈ ఎపిసోడ్‌లో రాజులూ లేరు, కోటలూ లేవు. పాతికేళ్ళు వెనక్కి వెళ్తే చాలు. మొన్న ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, మా కాలేజ్ వైఫైలో టోరెంట్ ఎందుకు రాదు? పోర్ట్ మార్చినా రావట్లేదు" అని. చిన్న ప్రశ్నే గానీ, దాని వెనకాల పెద్ద చరిత్ర ఉంది. ఆఫీసుల్లో, కాలేజీల్లో పీర్ టు పీర్ ఫైల్ షేరింగ్‌ని ఆపడానికి ఎవరెవరు ఏమేం చేశారు, వాటిని దాటడానికి అవతలివాళ్ళు ఏమేం చేశారు అన్న కథ అది.

ఇది నేను చదువుకుని చెప్తున్న కథ మాత్రమే కాదు. 2006లో మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నెట్‌వర్క్ అడ్మిన్‌గా చేరాను. అమీర్‌పేటలో కోర్సు చేసి, మూడు నెలలు తిరిగితే దొరికిన మొదటి ఉద్యోగం. అక్కడ టోరెంట్లు ఆపే పని నాది. ఆ పనిలో నా వల్ల ఒక తప్పు జరిగింది. దాని గురించీ చెప్తాను, కానీ అది అర్థం కావాలంటే ముందు కొంత చరిత్ర తెలియాలి.

అసలు పీర్ టు పీర్ అంటే ఏంటో ఒక్క నిమిషంలో. రేపు పరీక్ష, క్లాసులో ఒక్కడి దగ్గరే వంద పేజీల నోట్స్ ఉంది. అందరూ అదే జిరాక్స్ షాపు ముందు క్యూ కడితే అది మామూలు డౌన్‌లోడ్. అలా కాకుండా, పది పేజీలు నీకు, పది పేజీలు నాకు, ఇంకో పది వాడికి ముందు పంచేసి, "నీ దగ్గర లేనివి నా దగ్గర తీసుకో, నా దగ్గర లేనివి నువ్వివ్వు" అంటే అది పీర్ టు పీర్. మధ్యలో షాపు ఉండదు. ఎంతమంది చేరితే అంత తొందరగా పని అవుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తీసుకుంటున్నంతసేపూ నువ్వు ఇస్తూ కూడా ఉంటావు. అంటే ఆఫీసు కంప్యూటర్‌లో ఒకడు సినిమా డౌన్‌లోడ్ పెడితే, ముక్కూ మొహం తెలియని దేశాల వాళ్ళు కూడా ఆ ఆఫీసు లైన్ వాడుకుంటున్నట్టే.

కథ 1999లో మొదలవుతుంది. అమెరికాలో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో చేరిన షాన్ ఫానింగ్ అనే 18 ఏళ్ళ కుర్రాడు ఆ ఏడాది జూన్‌లో నాప్‌స్టర్ బయటికి తెచ్చాడు. ఎంపీ3 పాటలు ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరు తీసుకోవచ్చు. అప్పట్లో ఇళ్ళల్లో ఉన్నది ఫోన్ లైన్ మోడెమ్. నాలుగు ఎంబీల పాట ఒకటి రావడానికి పది పన్నెండు నిమిషాలు పట్టేది. మధ్యలో ఇంట్లోవాళ్ళు ఫోన్ ఎత్తితే మళ్ళీ మొదటికే. కానీ యూనివర్సిటీ హాస్టళ్ళలో మాత్రం ఫాస్ట్ ఇంటర్నెట్ ఉండేది. ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

2000 ఫిబ్రవరి నాటికి ఇండియానా యూనివర్సిటీలో ఇంటర్నెట్ లైన్‌లో సగానికి పైగా నాప్‌స్టరే తినేస్తోందని గమనించి, అడ్మిన్లు దాన్ని బ్లాక్ చేశారు. (ఈ ఇండియానా మన ఇండియా కాదు, అమెరికాలో ఒక రాష్ట్రం.) విద్యార్థులు ఊరుకోలేదు, ఇది సెన్సార్‌షిప్ అంటూ సంతకాలు సేకరించారు. మార్చిలో యూనివర్సిటీ బ్లాక్ ఎత్తేసింది. నాప్‌స్టర్ వాళ్ళతో మాట్లాడి, పాట క్యాంపస్‌లోనే ఎవరి దగ్గరైనా ఉంటే ముందు అక్కడి నుంచే వచ్చేలా చూసుకుంటే బయటి లైన్ మీద భారం తగ్గుతుందని ఆలోచించారు. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో తెలివైన పని ఇదొక్కటే. ఆపడం కాదు, దారి మళ్ళించడం. కానీ అది నిలవలేదు. ఏప్రిల్‌లో మెటాలికా అనే రాక్ బ్యాండ్ నాప్‌స్టర్ మీద కేసు వేసింది, అందులో ఇండియానా, యేల్, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీల పేర్లు కూడా చేర్చింది. యేల్ వెంటనే బ్లాక్ చేసింది. ఇండియానా కూడా మళ్ళీ తలుపులు మూసింది.

గమనించారా? ఫిబ్రవరిలో ఆపింది లైన్ నిండిపోతోందని. ఏప్రిల్‌లో ఆపింది కోర్టు భయంతో. చేసిన పని ఒకటే, కారణం మారింది. ఆ తర్వాత కంపెనీల్లో అడ్మిన్లని తరిమిన భయం ఈ రెండోదే.

నాప్‌స్టర్‌ని ఆపడం పెద్ద విద్యేం కాదు. పాటలు జనాల కంప్యూటర్లలో ఉన్నా, "ఏ పాట ఎవరి దగ్గరుంది" అన్న జాబితా మాత్రం నాప్‌స్టర్ కంపెనీ సర్వర్లలోనే ఉండేది. ఆ సర్వర్ల అడ్రస్‌లు ఫైర్‌వాల్‌లో మూసేస్తే అయిపోయింది. కోర్టు చేసింది కూడా దాదాపు అదే. 2001 జూలైలో ఆ సర్వర్లు ఆగిపోయాయి, ఊళ్ళో ఒకే బావి ఉండి, దానికి తాళం వేసినట్టు.

తర్వాత వచ్చినవాళ్ళు ఆ పాఠం నేర్చుకున్నారు. 2000 మార్చిలోనే నల్‌సాఫ్ట్ అనే కంపెనీ కుర్రాళ్ళు న్యూటెల్లా అని ఒక ప్రోగ్రామ్ వదిలారు. దీనికి మధ్యలో సర్వరే లేదు. ప్రతి కంప్యూటరూ పక్క కంప్యూటర్‌ని అడుగుతుంది, అది దాని పక్కదాన్ని అడుగుతుంది. ఆ నల్‌సాఫ్ట్ అప్పటికి ఏఓఎల్ అనే పెద్ద కంపెనీ చేతిలో ఉంది. ఆ ఏఓఎల్ అదే సమయంలో టైమ్ వార్నర్‌తో, అంటే పాటల వ్యాపారం కూడా చేసే కంపెనీతో కలవబోతోంది. సంగతి తెలిసి ఒక్క రోజులో ప్రోగ్రామ్‌ని తీయించేశారు. ఒక్క రోజు చాలు కదా మరి. అప్పటికే వేల మంది దించుకున్నారు.

ఇక్కడి నుంచి పోర్ట్‌ల ఆట మొదలైంది. పోర్ట్ అంటే పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబర్ అనుకోండి. వెబ్‌సైట్లు 80లో, మెయిల్ 25లో. అలాగే న్యూటెల్లా 6346లో, కజా 1214లో, బిట్‌టోరెంట్ 6881 నుంచి 6889 వరకు. అడ్మిన్ చేయాల్సిందల్లా ఆ నంబర్లు మూసేయడమే. నేను కోర్సు చేసేటప్పుడు మా సార్ ఈ నంబర్లని ఎక్కాల్లాగా బట్టీ పట్టించాడు. విచిత్రం ఏంటంటే, మేం బట్టీ పట్టే సమయానికే ఆ నంబర్లకి పెద్ద విలువ లేకుండా పోయింది. కజా కొత్త వెర్షన్లు 1214 మూసి ఉంటే ఇంకో తలుపు వెతుక్కునేవి, ఏదీ దొరక్కపోతే 80లోంచి వెళ్ళేవి. 80 మూస్తే ఆఫీసులో గూగుల్ కూడా రాదు. ఎవడు మూస్తాడు?

ఈ కజా వెనకున్న నిక్లాస్ జెన్‌స్ట్రామ్, యానుస్ ఫ్రీస్ తర్వాత 2003లో స్కైప్ తెచ్చారు. స్కైప్ ఏ ఆఫీసు ఫైర్‌వాల్‌నైనా దూరిపోయేదని మీ అన్నయ్యలు చెప్తారు. మరి ఆ విద్య ఎక్కడ నేర్చారో ఇప్పుడు తెలిసింది కదా.

ఇప్పుడు కంపెనీల దగ్గరికొద్దాం. 2002 ఏప్రిల్‌లో అమెరికాలోని అరిజోనాలో ఇంటిగ్రేటెడ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే కంపెనీ మ్యూజిక్ కంపెనీల సంఘానికి 10 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. వాళ్ళ ఉద్యోగులు ఆఫీసులోనే ఒక సర్వర్ పెట్టుకుని వేల ఎంపీ3 పాటలు పంచుకున్నారు. బయట ఎవరికీ అమ్మలేదు, ఆఫీసు గోడల మధ్యే. అయినా బిల్లు కంపెనీకొచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఆ సంఘం, సినిమా వాళ్ళ సంఘం కలిసి అమెరికాలోని పెద్ద పెద్ద కంపెనీలకి "మీ నెట్‌వర్క్‌లో ఏం జరుగుతోందో చూసుకోండి" అని ఉత్తరాలు రాశాయి. ఆ కంపెనీల పనిలో కొంత హైదరాబాద్‌కి, బెంగళూరుకి వస్తోంది కదా, ఆ భయం కూడా పనితో పాటే ఇక్కడికి వచ్చింది. క్లయింట్ పంపే సెక్యూరిటీ ప్రశ్నల జాబితాలో "పీర్ టు పీర్ సాఫ్ట్‌వేర్ నిషేధించారా, అవును లేదా కాదు" అని ఒక వరస ఉండేది. మా కంపెనీలో నాకు ఉద్యోగం ఉన్నదే ఆ వరసలో "అవును" అని రాయడానికి అని మా మేనేజర్ నవ్వుతూ అనేవాడు.

పాటల కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోలేదు. 2002లో హెచ్‌పీ ల్యాబ్స్‌లో నథానియల్ గుడ్, ఆరన్ క్రేకెల్‌బర్గ్ అనే ఇద్దరు ఒక చిన్న పరీక్ష చేశారు. 12 మందిని కజా ముందు కూర్చోబెట్టి, "ఇందులో ఏయే ఫైళ్ళు బయటికి షేర్ అవుతున్నాయో చెప్పండి" అని అడిగారు. నిజానికి ఆ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ మొత్తం షేర్ అవుతోంది. 12 మందిలో కనిపెట్టింది ఇద్దరే. వాళ్ళేమీ కంప్యూటర్ తెలియని వాళ్ళు కాదు. స్క్రీన్ మీద చూపించే తీరే అలా ఉంది. పాటలున్న ఫోల్డర్ ఒకటి చూపిస్తే, దాని లోపలున్న ఫోల్డర్లన్నీ కూడా లోకానికి తెరుచుకున్న సందర్భాలున్నాయి. బయటివాడు వెతికితే మెయిల్ ఇన్‌బాక్స్ కూడా దొరికేది. మీ ఫోన్‌లో ఏదో యాప్ "ఫోటోలన్నిటికీ పర్మిషన్ ఇవ్వాలా" అంటే చూడకుండా నొక్కేస్తారే, అదే రోగం. అప్పుడే పుట్టింది.

సరే, ఇప్పుడు మా ఆఫీసు.

తొంభై మంది ఉద్యోగులు, 2 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్. మీ ఫోన్‌లో ఇప్పుడొచ్చే స్పీడ్‌లో మూలకి కూడా రాదు, అయినా అప్పట్లో నెలకి దానికి కట్టే డబ్బు నా జీతం కంటే చాలా ఎక్కువ. సీడీలో పట్టేలా సినిమాలని 700 ఎంబీలకి కుదించి పెట్టేవాళ్ళు. లైన్ మొత్తం ఒక్కడికే ఇచ్చేసినా ఒక సినిమాకి ముప్పావు గంట పైనే పడుతుంది. అలాంటి లైన్ మీద తొంభై మంది మెయిళ్ళు, సాయంత్రమైతే అమెరికా క్లయింట్‌తో ఇంటర్నెట్ కాల్. ఇంటి దగ్గర కొందరికి బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఉండేది, రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా అన్‌లిమిటెడ్. అలారం పెట్టుకుని లేచి టోరెంట్ ఆన్ చేసి మళ్ళీ పడుకునేవాళ్ళు. అది కూడా లేనివాళ్ళకి ఆఫీసే దిక్కు. బ్యాచిలర్ రూముల్లో ఉండే కుర్రాళ్ళు పెన్‌డ్రైవ్‌తో వచ్చి, శుక్రవారం సాయంత్రం డౌన్‌లోడ్ పెట్టి మానిటర్ ఆపేసి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళని తప్పు పట్టలేను. నేనూ చేశాను, అడ్మిన్ కాకముందు ఇంకో చోట.

నేను చేరిన రెండో వారంలో ఒక వింత చూశాను. లైన్ ఖాళీగానే ఉంది, సగం కూడా నిండలేదు. అయినా ఎవరికీ వెబ్‌సైట్ తెరుచుకోదు. రెండు రోజులు జుట్టు పీక్కున్నాక లాగ్‌లో దొరికింది. మా గేట్‌వే ఒక పాత లైనక్స్ కంప్యూటర్, 256 ఎంబీ ర్యామ్. లోపలి నుంచి బయటికి వెళ్ళే ప్రతి కనెక్షన్‌నీ అది ఒక పట్టికలో రాసుకుంటుంది. ఆ పట్టికలో 16,384 వరసలే ఉంటాయి. మామూలు మనిషి బ్రౌజర్ పది ఇరవై వరసలు వాడుతుంది. టోరెంట్ పెట్టినవాడు ఒక్కడే వందలు వాడతాడు. పైగా అవతలివాడు చెప్పకుండా కంప్యూటర్ ఆపేస్తే, ఆ చచ్చిన కనెక్షన్ వరసని మా లైనక్స్ బాక్స్ ఐదు రోజుల దాకా చెరిపేది కాదు. అప్పటి డిఫాల్ట్ సెట్టింగ్ అది. మన పెళ్ళిళ్ళలో భోజనం చేసి లేచినా కుర్చీ మీద రుమాలు వదిలేసి వెళ్తే ఎలా ఉంటుంది? కుర్చీలన్నీ ఖాళీ, కూర్చోడానికి చోటు లేదు. నేను ఐదు రోజుల్ని గంటకి తగ్గించాను, ఒక్కో కంప్యూటర్‌కి కనెక్షన్ల పరిమితి పెట్టాను. ఆ రోజు మా మేనేజర్ నాకు బిర్యానీ తినిపించాడు.

పోర్ట్‌లు మూయడం పనికిరాదని తేలాక అందరిలాగే నేనూ తర్వాతి మెట్టెక్కాను. కవరు మీద అడ్రస్ కాదు, కవరు విప్పి ఉత్తరం చదవడం. బిట్‌టోరెంట్‌లో ఒక చక్కని గుర్తు ఉంది. రెండు కంప్యూటర్లు పలకరించుకునేటప్పుడు మొదటి బైట్ 19, ఆ వెంటనే ఇంగ్లీషులో "బిట్‌టోరెంట్ ప్రోటోకాల్" అన్న మాటలు. ఆ మాటల్లో ఖాళీతో కలిపి 19 అక్షరాలు, అందుకే ఆ 19. ఏ పోర్ట్‌లో వెళ్ళినా ఈ పలకరింపు మారదు. దాన్ని పట్టుకునే ఉచిత ఫిల్టర్లు లైనక్స్‌కి ఉండేవి, డబ్బున్న కంపెనీలు దాని కోసం పెద్ద పెట్టెలే కొనేవి. నేను ఉచితంగా వచ్చేదే పెట్టాను. రెండు మూడు నెలలు హాయిగా గడిచింది.

తర్వాత ఆ పలకరింపుకి ముసుగేశారు. 2006 ప్రాంతంలో అజురియస్, మ్యూటోరెంట్ లాంటి ప్రోగ్రామ్‌లలో ఎన్‌క్రిప్షన్ వచ్చేసింది. విప్పి చూస్తే గజిబిజి అక్షరాలే. ఇక నాలాంటివాళ్ళకి మిగిలింది ప్రవర్తన చూడడం. ఏ కంప్యూటర్ ఒకేసారి వందల మందితో మాట్లాడుతోంది? ఎవడు తీసుకుంటున్నంత ఇస్తున్నాడు? అలాంటివాణ్ణి పట్టుకోవడమే. అంటే చూడండి, మొదట తలుపు నంబర్ చూశాం, తర్వాత ఉత్తరం చదివాం, చివరికి మనిషి నడక మీద అనుమానపడ్డాం. ఇలా పట్టుకున్నాక చేతిలో ఉండేది పేరు కాదు, ఒక ఐపీ అడ్రస్.

పేరుకీ అడ్రస్‌కీ మధ్య ఎంత దూరముందో లోకానికి చాలాసార్లు తెలిసొచ్చింది. 2000 మేలో మెటాలికా తమ పాటలు పంచుతున్నారంటూ నాప్‌స్టర్‌కి 3,35,435 యూజర్ పేర్ల జాబితా ఇచ్చింది. మా తప్పేం లేదని వేల మంది మొత్తుకున్నారు. 2003 సెప్టెంబర్‌లో మ్యూజిక్ కంపెనీలు ఒకేసారి 261 మంది మీద కేసులు వేశాయి. అందులో మసాచుసెట్స్‌లో ఉండే 66 ఏళ్ళ ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ కజాలో పాటలు పంచిందని ఆరోపణ. ఆవిడ ఇంట్లో ఉన్నది మ్యాక్ కంప్యూటర్. మ్యాక్‌లో కజా అసలు నడవదు. కేసు వెనక్కి తీసుకున్నారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 2008లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు చేసింది. ఎవరెవరు ఫైల్ పంచుతున్నారో చెప్పే ట్రాకర్ అనే సర్వర్ ఉంటుంది కదా, దానికి వాళ్ళు తమ క్యాంపస్‌లోని ప్రింటర్ల ఐపీ అడ్రస్‌లు ఇచ్చారు. ఆ ట్రాకర్ నిజమా కాదా అని చూడదు, చెప్పింది రాసుకుంటుంది. కొన్నాళ్ళకి ప్రింటర్లకి కాపీరైట్ నోటీసులొచ్చాయి, నువ్వు దొంగతనంగా సినిమాలు దించుతున్నావు అని. ఆ పరిశోధన పత్రానికి పెట్టిన పేరులోనే "నా ప్రింటర్‌కి నోటీసు ఎందుకొచ్చింది" అన్న ప్రశ్న ఉంటుంది.

ఆ పత్రం నేను రెండేళ్ళు ముందు చదివి ఉంటే బాగుండేది. కానీ అప్పటికది పుట్టలేదు.

2006 చివర్లో ఒక సాయంత్రం క్లయింట్‌తో కాల్ మధ్యలో గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. మర్నాడు మేనేజర్ నన్ను పిలిచి, "ఎవడో ఒకడు డౌన్‌లోడ్ పెట్టాడు. నాకు పేరు కావాలి" అన్నాడు. లాగ్ తీశాను. చివర 47 ఉన్న ఐపీ, నాలుగు వందలకి పైగా కనెక్షన్లు. నా దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉండేది, ఏ ఐపీ ఏ సీటుదో రాసుకున్నది. 47 ఎదురుగా టెస్టింగ్ టీమ్‌లో ఒక కుర్రాడి పేరుంది. ఖమ్మం వైపు నుంచి వచ్చాడు, నాకంటే ఏడాది చిన్న, కాంట్రాక్ట్ మీద పని చేస్తున్నాడు. నన్ను అన్నా అనేవాడు. పేరు మెయిల్‌లో రాసి పంపించాను. నిమిషం కూడా పట్టలేదు. ఆ నెలాఖరుకి అతని కాంట్రాక్ట్ అయిపోయింది, మళ్ళీ ఇవ్వలేదు.

పది రోజుల తర్వాత మళ్ళీ అదే వరస, ఈసారి వేరే ఐపీ. అతను లేడు కదా, మరి ఎవరు? అప్పుడు గానీ నేను చూడాల్సింది చూడలేదు. మా ఆఫీసులో ఐపీ అడ్రస్‌లు పంచేది ఒక చిన్న రౌటర్. ఎవరు ముందు ఆన్ చేస్తే వాళ్ళకి వరసగా ఒక అడ్రస్ ఇస్తుంది. కరెంట్ పోయి వస్తే ఎవరికి ఏమిచ్చిందో అంతా మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి పంచుతుంది. ఆ కాల్ చెడిపోయిన రోజు మధ్యాహ్నం కరెంట్ పోయింది, యూపీఎస్ రౌటర్‌కి లేదు. అంటే సాయంత్రానికి 47 ఇంకెవరికో వెళ్ళింది. నా షీట్‌లో మాత్రం పాత పేరే ఉంది. ప్రతి నెట్‌వర్క్ కార్డ్‌కీ మ్యాక్ అడ్రస్ అని ఒక నంబర్ ఉంటుంది, అది అలా మారిపోదు. రెండు రోజుల లాగ్‌లలో ఆ నంబర్ పోల్చి చూస్తే రెండుసార్లూ ఒకే ల్యాప్‌టాప్. మా ఆఫీసులో సీనియర్‌ది. ఇంటికి తీసుకెళ్తే పిల్లలు టోరెంట్ పెట్టుకున్నారు, ఆఫీసుకి తెచ్చి ఆన్ చేయగానే అదే నడుస్తోంది. ఆయనకి తెలియను కూడా తెలియదు.

మేనేజర్‌కి చెప్పాను. కాసేపు చూసి, "అయిపోయిందిగా, ఇప్పుడెందుకు" అన్నాడు. ఆ సీనియర్ ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ తీసేయించారు, అంతే. నేను ఊరుకున్నాను. కొత్త ఉద్యోగం, ఇంటికి డబ్బు పంపాలి. ఇవన్నీ నిజాలే గానీ, ఊరుకున్నది నేనే.

ఆ తర్వాత నేను చేసింది ఒకటే. గోడ తిరగేసి కట్టాను. చెడ్డవాటిని వెతికి మూయడం కాదు, అన్నీ మూసేసి పనికొచ్చేవి మాత్రమే తెరవడం. వెబ్‌కి ప్రాక్సీ గుండానే వెళ్ళాలి, ఎవరి కంప్యూటర్‌లోనూ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే అధికారం ఉండదు. టోరెంట్ అసలు నడవకపోతే ఎవరి పేరూ రాయక్కర్లేదు. కాలేజ్ వైఫై గురించి అడిగిన తమ్ముడూ, మీ దగ్గర కూడా బహుశా ఇదే చేశారు. పోర్ట్ ఎన్నిసార్లు మార్చినా రానిది అందుకే. మీ అడ్మిన్‌ని తిట్టుకోకు.

బయట ఈ గొడవ ఇంకా పెద్దదైంది. 2007లో రాబ్ టొపోల్‌స్కీ అనే అమెరికన్, పాతకాలపు బార్బర్‌షాప్ పాటలు పంచుకోబోతే ఎంతకీ అప్‌లోడ్ కాలేదు. నెట్‌వర్క్ తెలిసినవాడు కాబట్టి ప్యాకెట్లు విప్పి చూశాడు. ఇంటర్నెట్ ఇచ్చే కామ్‌కాస్ట్ మధ్యలో దొంగ ప్యాకెట్లు దూరుస్తోంది. మనిద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే, మూడోవాడు నా గొంతుతో నీకు "సరే ఉంటా", నీ గొంతుతో నాకు "సరే ఉంటా" అని చెప్పి కాల్ కట్ చేయించినట్టు. ఆ అక్టోబర్‌లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు కాపీరైట్ లేని బైబిల్ ఫైల్‌తోనే పరీక్షించి చూశారు, అదీ ఆగింది. 2008 ఆగస్టులో అక్కడి ఎఫ్‌సీసీ 3-2 ఓట్లతో కామ్‌కాస్ట్‌ది తప్పంది. 2010 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు, అలా చెప్పే అధికారం ఎఫ్‌సీసీకి లేదంటూ దాన్ని కొట్టేసింది. మీరు ఇక్కడ నెట్ న్యూట్రాలిటీ అని వింటారే, ఆ మాట ఊరూరా వినిపించడానికి ఈ గొడవ ఒక పెద్ద కారణం.

గోడ ఆఫీసు చుట్టూనే కదా, మనుషులు సాయంత్రం ఇంటికి వెళ్తారు. 2009 అక్టోబర్‌లో అమెరికా పార్లమెంట్ ఎథిక్స్ కమిటీ రహస్య పత్రం ఒకటి బయటపడింది, ముప్పై మందికి పైగా సభ్యుల పేర్లున్నది. హ్యాకర్లు కాదు. ఒక చిన్న ఉద్యోగి ఇంటి కంప్యూటర్‌లో ఆ ఫైల్ ఉంది, అందులోనే ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్ కూడా ఉంది. తర్వాతి ఫిబ్రవరిలో అక్కడి ఎఫ్‌టీసీ దాదాపు వంద సంస్థలకి "మీ కస్టమర్ల, ఉద్యోగుల వివరాలు ఈ నెట్‌వర్క్‌లలో తిరుగుతున్నాయి" అని రాసింది. కంపెనీలు పాటల గురించి భయపడుతూ కూర్చున్నాయి, పోయింది మాత్రం జనాల వివరాలు.

మన దగ్గరా ఒక ముచ్చట ఉంది. 2012లో తమిళ సినిమా "3", మన ఎన్టీఆర్ "దమ్ము" కోసం మద్రాస్ హైకోర్టు నుంచి ఆర్డర్ తెచ్చారు. మే నెలలో ఇంటర్నెట్ కంపెనీలు ఆ సినిమా లింకుల్ని కాదు, పైరేట్ బే, విమియో లాంటి సైట్లని మొత్తానికి మొత్తం మూసేశాయి. విమియోలో షార్ట్ ఫిల్మ్‌లు పెట్టుకున్న కుర్రాళ్ళ పని కూడా ఆగింది. జూన్‌లో కోర్టే, మేం ఆపమన్నది ఫలానా లింకులనే అని స్పష్టం చేయాల్సి వచ్చింది.

చివరికి ఆఫీసుల్లో ఈ గోల తగ్గింది ఫైర్‌వాల్ వల్లనా అంటే, కొంతే. డేటా చవకైంది, పాటలు ఫోన్‌లోనే వినొచ్చు. స్పాటిఫై కూడా 2014 దాకా లోపల పీర్ టు పీర్ వాడింది, మ్యూటోరెంట్ రాసిన లుడ్విగ్ స్ట్రిగేయస్ అక్కడే పనిచేశాడు. 2015లో వచ్చిన విండోస్ 10 తన అప్‌డేట్లని పక్క కంప్యూటర్ల నుంచి తెచ్చుకోవడం మొదలెట్టింది. మేం ఏళ్ళ తరబడి తరిమినదే కొత్త చొక్కా వేసుకుని ముందు గుమ్మంలోంచి వచ్చింది.

ఈ ఎపిసోడ్ రాసుకుంటున్నప్పుడు ఆ ఖమ్మం కుర్రాడి నంబర్ సంపాదించి ఫోన్ చేశాను. ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాడు, ఇద్దరు పిల్లలు. పేరు చెప్పకుండా ఈ సంగతి వీడియోలో చెప్పొచ్చా అని కూడా అడగాలి కదా. మొత్తం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ప్రాజెక్ట్ అయిపోయిందని చెప్పారన్నా నాకు. నా ఇంగ్లీష్ బాగోలేక తీసేశారేమో అనుకున్నా. ఆ తర్వాత ఏడాది స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకి పోయినా" అన్నాడు. క్షమించమన్నాను. "చెప్పుకో అన్నా, పేరు మాత్రం వద్దు" అన్నాడు. ఆ సీనియర్ ఎవరో అడిగాడు. చెప్పాను. నవ్వాడు, "ఆయన నాకు మంచి సర్టిఫికెట్ రాసిచ్చాడన్నా" అన్నాడు.

ఇదీ సంగతి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.